జర్మన్ రాక్‌లో మన తాళం

కోలారు సీమ సంగీత చరిత్ర: 9వ భాగం

పోయిన వారం కేజీఎఫ్ (కోలారు బంగారు గనులు) క్లబ్బుల దగ్గర ఆగాం. పాలారు నీళ్లను బేతమంగళలో నిలిపి, పైపుల్లో గనులకు ఎక్కించిన కాలం అది. 1902లో శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగ మీద గనులకు కరెంటు వచ్చింది. ఆ నీళ్లతో, ఆ కరెంటుతో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ నీడలో ఒక చిన్న ఇంగ్లండు వెలిసింది. బంగారం లండన్ దారి పట్టేది. పియానోలు, రికార్డులు, డాన్సు బాణీలు ఇటు వచ్చేవి. పడమటి సంగీతం మన సీమలోకి అలా దొరల బంగళాల మీదుగా దిగింది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు దాన్ని సొంతం చేసుకున్నాయి. గని కూలీల లైన్లలో ఉన్న తెలుగు, తమిళ జనానికి మాత్రం అది ప్రహరీ అవతలి చప్పుడే.

ఈ వారం కథ తలకిందుల కథ. ఇందులో పడమటి నుంచి వచ్చినవాళ్లు నేర్పడానికి రాలేదు. మ్యూనిక్‌లో పుట్టిన ఒక జర్మన్ రాక్ బృందం రోడ్డు పట్టుకుని ఆసియాకు వచ్చింది. బేతమంగళకు వంద కిలోమీటర్ల లోపే ఉన్న బెంగళూరులోని ఒక తాళవాద్యాల బడితో చేయి కలిపింది. ఆ బృందం పేరు ఎంబ్రియో, ఆ బడి పేరు కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్. వాళ్లు ఎందుకొచ్చారో తెలియాలంటే ముందు హాంబర్గ్ వెళ్లాలి.

అరువు పాటల పదేళ్లు

యుద్ధంలో ఓడిన జర్మనీలో 1950ల కుర్రకారుకు ఇంట్లో వినిపించే సంగీతం మీద నమ్మకం పోయింది. కవాతు పాటల్లో నాజీల బూట్ల చప్పుడు వినపడేది. రేడియోలో వచ్చే తియ్యటి పాటలు జరిగినదాన్ని కప్పిపుచ్చుతున్నట్టు ఉండేవి. అలాంటి వేళ అమెరికా సైనిక స్థావరాల రేడియోల మీదుగా రాక్ అండ్ రోల్ వచ్చిపడింది. 1958 అక్టోబరులో బిల్ హేలీ కచేరీకి పశ్చిమ బెర్లిన్ స్పోర్ట్‌పలాస్ట్‌లో కుర్చీలు విరిగాయి. ఆ నెలలోనే ఎల్విస్ ప్రెస్లీ మామూలు సైనికుడిగా జర్మనీలో దిగి, 1960 మార్చి దాకా అక్కడే కొలువు చేశాడు.

1960 ఆగస్టులో లివర్‌పూల్ నుంచి బీటిల్స్ కుర్రాళ్లు హాంబర్గ్ రేవు పక్క పేటలోని క్లబ్బులకు వచ్చి, రాత్రంతా వాయించే కూలికి కుదిరారు. అదే ఏడు ఆ ఊళ్లోనే అఖిమ్ రైఖెల్ తదితరులు ర్యాటిల్స్ బృందం పెట్టారు. బెర్లిన్‌లో లార్డ్స్ అప్పటికే ఉన్నారు. 1962 ఏప్రిల్ 13న తెరిచిన స్టార్ క్లబ్ ఈ తరానికి కోట అయింది. వీళ్లు బాగానే వాయించారు, కానీ ఇంగ్లీషులో పాడారు, అమెరికా వాళ్లలా జుట్టు దువ్వారు. తిండి మారింది కానీ వంట ఇంకా పక్కింటిదే.

1968 నాటికి ఆ సరదా తీరింది. యూనివర్సిటీల్లో విద్యార్థులు తండ్రుల తరాన్ని నిలదీస్తున్నారు. ఆ సెప్టెంబరులో ఎసెన్ నగరంలో జరిగిన పాటల ఉత్సవంలో కొత్త జర్మన్ బృందాలు జనం ముందుకొచ్చాయి. తాత పాట వద్దు, అమెరికా నకలు వద్దు, మరి మన పాట ఏది అన్నది వాళ్ల ప్రశ్న. దీనికి తలో జవాబు దొరికింది. కొలోన్‌లో కాన్ బృందం ఒకే నడకను గంటల తరబడి తిప్పి తిప్పి వాయించింది. డ్యూసెల్డార్ఫ్‌లో క్రాఫ్ట్‌వెర్క్ యంత్రాల వైపు మళ్లింది. 1965లో హానోవర్‌లో రుడోల్ఫ్ షెంకర్ మొదలుపెట్టిన స్కార్పియన్స్ ఇంగ్లీషునే నమ్ముకుని తర్వాత ప్రపంచమంతా తిరిగింది. 2007లో షిల్లాంగ్‌లోనూ వాయించింది. మ్యూనిక్ జవాబు వేరు. అది రోడ్డెక్కింది.

మ్యూనిక్, 1969

క్రిస్టియన్ బుర్ఖార్డ్ 1946లో బవేరియా అంచున ఉన్న హోఫ్ అనే ఊళ్లో పుట్టాడు. డ్రమ్స్, వైబ్రాఫోన్ వాయించేవాడు. మ్యూనిక్‌లో స్థిరపడిన అమెరికన్ నల్లజాతి పియానో విద్వాంసుడు మాల్ వాల్డ్రన్ సాంగత్యంలో జాజ్ పాఠాలు వంటబట్టించుకున్నాడు. 1969లో సాక్సోఫోన్, వయొలిన్ రెండూ వాయించే ఎడ్గర్ హాఫ్‌మన్‌తో కలిసి ఎంబ్రియో పెట్టాడు. మరుసటి ఏడు మొదటి ఆల్బమ్ 'ఓపల్' వచ్చింది. జాజ్‌లోని స్వేచ్ఛ, రాక్‌లోని బరువు రెండూ కావాలన్న పట్టుదల ఆ ఆల్బమ్‌లోనే కనిపిస్తుంది.

బృందం అంటే నలుగురు పేర్లు, నలుగురు ముఖాలు అనుకునే రాక్ లోకంలో ఎంబ్రియో ఒక సత్రంలా నడిచింది. యాభై ఏళ్లలో వందల మంది వచ్చారు, వాయించారు, వెళ్లారు. 1972లో గోథే ఇన్‌స్టిట్యూట్ తరఫున ఉత్తర ఆఫ్రికా వెళ్లినప్పుడు అక్కడి వాద్యకారుల లయలు విని, తమ డ్రమ్స్ చెప్పేది ఎంత తక్కువో వాళ్లకు అర్థమైంది. 1976లో మరికొన్ని జర్మన్ బృందాలతో కలిసి ఏప్రిల్ అనే సొంత రికార్డు సంస్థ పెట్టుకున్నారు. పేరు మీద పేచీ రావడంతో అది ష్నేబాల్‌గా మారింది. అమ్ముడుపోయే మూడు నిమిషాల పాట కావాలని ఒత్తిడి చేసే కంపెనీ యజమాని ఇక లేడు. ఈ చిన్న సంగతే తర్వాతి కథకు దారి తీసింది: తొమ్మిది నెలలు రోడ్డు మీద గడిపి రికార్డు చేసుకొస్తామంటే ఏ పెద్ద కంపెనీ ఒప్పుకుంటుంది?

సత్రానికి వచ్చినవాళ్లలో పెద్ద మనిషి చార్లీ మారియానో. 1923లో బోస్టన్‌లో పుట్టిన సాక్సోఫోన్ విద్వాంసుడు, బర్క్‌లీ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పినవాడు. 1960ల మధ్యలో మలేసియా రేడియో వాద్యబృందానికి శిక్షణ ఇవ్వడానికి కౌలాలంపూర్ వెళ్లినప్పుడు అక్కడి దక్షిణాది జనం మధ్య ఆయన చెవిన నాదస్వరం పడింది. గది గోడలకు సరిపోని గొంతు దానిది, గుడి ప్రాకారం కావాలి. ఆయన దక్షిణ భారతానికి వచ్చి దాన్ని నేర్చుకున్నాడు, తన రికార్డుల్లో ఊదాడు. 1973లో వచ్చిన ఎంబ్రియో ఆల్బమ్ 'వీ కీప్ ఆన్'లో మారియానో ఉన్నాడు. 1977 నాటి 'అపో కాలిప్సో' ఆల్బమ్‌కు వచ్చేసరికి ముంబై ఠుమ్రీ గాయని శోభా గుర్టు, ఆమె కొడుకు త్రిలోక్ గుర్టు కూడా చేరారు. మన దేశపు గాలి వాళ్లకు అలా ముందే తగిలింది.

బస్సుల దారి

1978-79లో ఎంబ్రియో బృందం వాద్యాలు, రికార్డింగు సామాను బస్సుల్లో ఎక్కించుకుని మ్యూనిక్ నుంచి తూర్పుకు బయలుదేరింది. సుమారు తొమ్మిది నెలల యాత్ర. ఆ దారిన అంతకుముందు పదేళ్లుగా ఐరోపా కుర్రకారు తిరుగుతూనే ఉన్నారు. ఎక్కువమంది గంజాయికీ, గురువులకూ వచ్చారు. వీళ్లు ఊరూరా ఆగి, అక్కడి వాద్యకారులను వెతికి, కలిసి వాయించి, రికార్డు చేసుకుంటూ వచ్చారు.

వేళ మంచిది కాదు. ఇరాన్‌లో షా గద్దె కదులుతోంది. 1979 జనవరిలో ఆయన దేశం విడిచి వెళ్లిపోయాడు. అఫ్గానిస్థాన్‌లో 1978 ఏప్రిల్‌లోనే సైనిక తిరుగుబాటు జరిగింది. 1979 డిసెంబరులో సోవియట్ సేన దిగింది. అంటే భూమార్గం మూతబడబోయే ముందు ఆఖరి బళ్లలో వీళ్లవీ ఉన్నాయి. మరో ఏడాది ఆలస్యమైతే ఆ యాత్రే లేదు. దర్శకుడు వెర్నర్ పెన్‌ట్సెల్ ఆ ప్రయాణాన్ని 'వాగబుండెన్ కరవానె' అనే డాక్యుమెంటరీగా తీశాడు. దారిలో పోగైన సంగీతం 1979లో 'ఎంబ్రియోస్ రైజె' పేరుతో రెండు రికార్డుల ఆల్బమ్‌గా వచ్చింది.

బెంగళూరు బడి

కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్‌ను 1964లో మృదంగ విద్వాంసుడు టి.ఎ.ఎస్. మణి స్థాపించారు. మన దగ్గర తాళవాద్యాలకు పక్క వాయిద్యాలనే పేరుంది. పాటకుడి పేరు పోస్టరు నడుమ, మృదంగం పేరు కింద చిన్న అక్షరాల్లో, ఘటం, కంజీర ఉంటే ఇంకా కింద. ఆ వరుసను తిప్పి, లయనే నడుమ కూర్చోబెట్టిన బడి అది. మృదంగం మణిది, గాత్రం ఆయన భార్య ఆర్.ఎ. రమామణిది, ఘటం, మోర్సింగ్ ఆర్.ఎ. రాజగోపాల్‌వి, కంజీర టి.ఎన్. శశికుమార్‌ది. వీళ్లు ఒక బృందంగా దేశాలు తిరిగారు.

1980లో ఎంబ్రియో, కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ కలిసి చేసిన 'లైఫ్' ఆల్బమ్ ష్నేబాల్ సంస్థ ద్వారా వచ్చింది. దాని కవరు మీద బడి పేరు బృందం పేరుతో సమానంగా ఉంది. ఇది గమనించాల్సిన సంగతి. 1965లో బీటిల్స్ రికార్డులో జార్జ్ హారిసన్ సితార్ మీటినప్పటి నుంచి పడమటి రాక్‌లో భారతీయ వాద్యం ఒక అలంకారం అయింది. పాట వాళ్లది, తాలింపు మనది. వాయించిన మనవాళ్ల పేర్లు చాలాసార్లు కవరు ఎక్కేవే కాదు. పైగా వాళ్లు తీసుకున్నది ఎక్కువగా ఉత్తరాది సంగీతం, అందులోనూ రాగం. దక్షిణాది లయకు పడమటి తలుపు తీసినవారిలో 1975లో జాన్ మెక్‌లాఫ్లిన్ 'శక్తి' బృందంలో ఘటం వాయించిన విక్కు వినాయక్‌రామ్ ముందు నిలుస్తారు. బెంగళూరు బడి ఆ తలుపును జర్మనీలో ఇంకా బార్లా తెరిచింది.

ఏడు, నాలుగు

ఇంతకీ రాక్ డ్రమ్మర్‌కు మన తాళంలో దొరికింది ఏమిటి? అది చేత్తో వేసి చూస్తేనే తెలుస్తుంది.

ఆదితాళం వేయండి. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, మళ్లీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది క్రియలు. రాక్ సంగీతం నాలుగు దెబ్బలకు ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి వాళ్ల రెండు చుట్లు మన ఒక ఆవర్తనం. ఇక్కడి దాకా పేచీ లేదు. జర్మన్ డ్రమ్మర్ తన అలవాటు ప్రకారం వాయించుకుంటూ పోవచ్చు, మణి మృదంగం కూడా పక్కనే నడవచ్చు.

ఇప్పుడు ఒక్కో క్రియకు నాలుగు అక్షరాలు పెట్టండి, 'తకధిమి' అని. ఆవర్తనానికి ముప్ఫై రెండు అక్షరాలు. చేతిని అలాగే నడవనిచ్చి, నోటితో 'తకిట తకధిమి' అనండి. అది ఏడు అక్షరాలు. మొదటిసారి దెబ్బ మీదే మొదలవుతుంది. రెండోసారి మొదలు రెండో క్రియ చివరి పావులో పడుతుంది. మూడోది నాలుగో క్రియ నడుమ, నాలుగోది ఆరో క్రియలో ఒక అక్షరం దాటాక. నోరు, చెయ్యి విడిపోయి పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. నాలుగు ఏళ్లు ఇరవై ఎనిమిది. ఏడు క్రియలు పూర్తి. మిగిలిన ఆఖరి తిప్పుకు ఒక్క 'తకధిమి' అని, సమం మీద, అంటే మళ్లీ మొదటి దెబ్బ మీద దిగండి. నోరు, చెయ్యి ఒక్క చోట కలుస్తాయి. కచేరీలో ముక్తాయింపు పడ్డప్పుడు సభలో తలలు ఊగేది ఇందుకే.

రాక్‌కు బలం ఉంది, ఒకే నడకను వదలకుండా పట్టుకునే మొండితనం ఉంది. ఆ నడక మీద లెక్క తప్పకుండా ఊగిసలాడే ఈ ఒడుపు దానికి లేదు. జాజ్ వాళ్లు నడకను సాగదీస్తారు, లాగుతారు, అది చెవి మీద ఆధారపడ్డ పని. మన విద్వాంసుడు అక్షరం అక్షరం లెక్క కట్టి, ఆ లెక్క బయటికి కనపడకుండా వాయిస్తాడు. పైగా దీనికి భాష అడ్డం రాదు. త్యాగరాజ కీర్తన పాడాలంటే తెలుగు నాలుక తిరగాలి, రాగం పలకాలంటే గమకం గొంతులో ఏళ్ల తరబడి నానాలి. 'తకిట తకధిమి' మాత్రం బవేరియా కుర్రాడికీ బంగారుపేట కుర్రాడికీ ఒకే దూరం. నోటితో జతులు చెప్పే కొన్నక్కోల్ విదేశాల్లో అంత తొందరగా పాకడానికి కారణం ఇదే.

తవిల్ పట్టిన రాక్ డ్రమ్మర్

ఈ దారిన ఇటు నుంచి అటు నడిచిన మనిషి ఒకరున్నారు. 1948లో మద్రాసులో పుట్టిన రమేశ్ షోతమ్ 1970ల తొలి ఏళ్లలో సోదరుడు సురేశ్‌తో కలిసి హ్యూమన్ బాండేజ్ అనే రాక్ బృందంలో డ్రమ్స్ వాయించేవారు. ఆ రోజుల్లో దక్షిణాదిలో పేరున్న రాక్ బృందాల్లో అదొకటి. పడమటి డ్రమ్స్‌తో చేయి తిరిగిన తర్వాత ఆయన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్‌లో చేరి తవిల్ నేర్చుకున్నారు.

తవిల్ అంటే మన పెళ్లిళ్లలో నాదస్వరం పక్కన మోగే డోలు. పనస చెక్క పీపా, రెండు వైపులా తోలు. ఒక చేతిలో పొట్టి కర్ర, రెండో చేతి వేళ్లకు జిగురుతో గట్టిపరిచిన తొడుగులు. రాక్ డ్రమ్మర్‌కు రెండు చేతుల్లోనూ కర్రలుంటాయి, రెండు కాళ్లూ పని చేస్తాయి. తవిల్ దగ్గర కాళ్లు కట్టేసినట్టే. కర్ర చెయ్యి ఒక మాట, వేళ్ల చెయ్యి ఇంకో మాట చెప్పాలి, రెండూ కలిసి ఒక వాక్యం కావాలి. విద్వాంసుల ఇళ్లల్లో పుట్టినవాళ్లు పసితనం నుంచి పట్టే వాద్యాన్ని, రాక్ స్టేజీ దిగివచ్చిన యువకుడు పట్టడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. 1980 ప్రాంతంలో ఆయన జర్మనీ చేరి, ఎంబ్రియోతో వాయించి, కొలోన్‌లో స్థిరపడ్డారు. అక్కడి జాజ్ బృందాల్లో తవిల్, ఘటం, కంజీర డ్రమ్స్ పక్కనే కొలువుదీరాయి.

సత్రం నుంచి ఇంకో సత్రం

1980ల మొదట్లో ఎంబ్రియో నుంచి ఫ్రీడో యోష్, ఊవె ముల్‌రిష్ బయటికి వచ్చి, డ్రమ్మర్ మార్లోన్ క్లైన్‌తో కలిసి డిస్సిడెంటెన్ అనే బృందం కట్టారు. విడిపోయినా బెంగళూరు బంధం తెగలేదు. 1982లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 'జర్మనిస్తాన్'లో రమామణి గొంతు ఉంది, కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ పేరు ఉంది. తర్వాత వాళ్లు మొరాకోలోని టాంజియర్ చేరి, లెమ్ షహెబ్ బృందంతో 'సహారా ఎలెక్ట్రిక్' చేశారు. అందులోని పాట స్పెయిన్, ఇటలీ డాన్సు హాళ్లలో మారుమోగింది. ప్రపంచ సంగీతం అని దుకాణాల్లో ఒక అర వెలియడానికి ముందే వీళ్లు ఆ అరలోకి వెళ్లాల్సిన సరుకు తయారుచేసి పెట్టారు. 1993లో 'జంగిల్ బుక్' ఆల్బమ్‌తో మళ్లీ భారతీయ సంగీతం వైపు తిరిగారు.

మారియానో దారి ఇంకొంచెం మెత్తన. 1983లో ఆయన, బెంగళూరు బృందం కలిసి జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్ స్టూడియోలో 'జ్యోతి' రికార్డు చేశారు. ఇ.సి.ఎమ్. సంస్థ దాన్ని విడుదల చేసింది. అందులో గిటారు లేదు, డ్రమ్స్ లేవు. రమామణి గాత్రం, తంబూరా, మణి మృదంగం, రాజగోపాల్ ఘటం, మోర్సింగ్, శశికుమార్ కంజీర, వీటి మధ్య ఒక సాక్సోఫోన్, ఒక వేణువు. మామూలుగా పడమటి బృందంలో మనవాడు ఒక్కడు అతిథిగా కూర్చుంటాడు. ఇక్కడ అతిథి మారియానో.

ఈ రికార్డులన్నీ గొప్పవి అనడం లేదు. రెండు సంగీతాలు పక్కపక్కనే నడుస్తూ ఒకదానికొకటి దారి ఇచ్చుకోవడమే తప్ప నిజంగా మాట్లాడుకోని చోట్లు వాటిలో ఉన్నాయి. గిటారు జోరెక్కితే మృదంగంలోని సన్నపని వినపడదు. మృదంగం లెక్కలోకి దిగితే గిటారుకు పని ఉండదు. పైగా పాస్‌పోర్టు, డబ్బు, రికార్డు సంస్థ అన్నీ ఒక వైపే ఉన్నప్పుడు సమానత్వం కవరు దాటి ఎంత దూరం వెళ్తుందని అడగడం న్యాయమే. అయినా క్లబ్బు గోడల కాలంతో పోల్చి చూడండి. కేజీఎఫ్‌లో వందేళ్లు పడమటి పాట మోగినా, డోలు వాయించే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నీ లెక్క నాకు చెప్పు అని క్లబ్బు అడిగిన దాఖలా మన కథలో కనపడలేదు. ఆ ప్రశ్న అడగడానికి పాలకుడి బాధ్యతలు లేని, సొంత ఇంటి పాట మీద నమ్మకం పోయిన ఒక తరం కావాల్సి వచ్చింది. నేర్చుకోవాలన్న ఆకలి వాళ్లకు ఓటమి నుంచి పుట్టింది. గెలిచినవాడికి ఆ అవసరం రాలేదు.

అందుకే కేజీఎఫ్ పడమటి సంగీతం గనులతోపాటే పలచబడింది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఆస్ట్రేలియాకు, ఇంగ్లండుకు తరలిపోయాయి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. అటు ఎంబ్రియో మాత్రం ఇంకా నడుస్తోంది. క్రిస్టియన్ బుర్ఖార్డ్ 2018 జనవరిలో మ్యూనిక్‌లో చనిపోయాడు. అప్పటికే కూతురు మార్యా బుర్ఖార్డ్ పగ్గాలు అందుకుంది. ఆమె నాయకత్వంలో 2021లో 'ఔఫ్ ఔఫ్' అనే ఆల్బమ్ వచ్చింది.

ఇక మన వైపు ఒక బాకీ మిగిలే ఉంది. మ్యూనిక్ వాళ్లు బెంగళూరు దాకా చెవి చాచారు. మన కచేరీ సభలు మాత్రం కోలారు పల్లెల తమటె డప్పు దాకా చాచలేదు. శిడ్లఘట్ట తాలూకా పిండిపాపనహళ్లి తమటె కళాకారుడు మునివెంకటప్పకు 2023లో పద్మశ్రీ వచ్చేదాకా ఆ వాద్యంలోనూ ఒక విద్య ఉందని చాలామందికి తట్టనే లేదు. మృదంగానికి బడి కట్టినట్టు తమటెకు బడి ఎందుకు కట్టలేదన్న ప్రశ్న జర్మన్లను అడిగేది కాదు, మనల్ని మనం అడగాల్సింది.

(వచ్చే వారం: కైవారం తాతయ్య తెలుగు కీర్తనలు, వాటిని మోసిన భజన మేళాలు)